రాత్రి వంతు

షట్టరు సగం దించాక,
జిరాక్సు మిషను వేడి ఇంకా దిగకముందే
మూడు కంప్యూటర్లకూ పని ఒప్పజెబుతాను.
పగలంతా వాటికి అడంగల్లు, కులం సర్టిఫికెట్లు,
రొయ్యల చెరువు లీజు కాగితాలు.
రాత్రయితే
నేనెప్పుడూ చూడని ప్రయోగశాల నుంచి
ఒక లెక్క ముక్క దిగుతుంది.
వెంట్రుకను నిలువునా యాభై వేల చీలికలు చేస్తే
ఒక్క చీలికంత లావు బొగ్గు గొట్టం,
దాని మూతి దగ్గర గుమిగూడిన నీళ్ళు,
నీళ్ళలో అక్కడక్కడా ఉప్పు.
ఎవరు దూరతారో ఎవరు ఆగిపోతారో
తేల్చి చెప్పమంటుంది.

మలికిపురం సెంటర్లో ఈ గొడవ నీకెందుకంటారా,
కొట్టు వెనక బోరు కొట్టి చూడండి.
ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరిగిపోతాయి.
సముద్రం మా కాళ్ళకింద
చెప్పులు చేత్తో పట్టుకున్న దొంగలా
ఏడాదికి కాస్త నడిచొస్తోంది.
ఇజ్రాయేలు ఆటోలో టిన్నులు దించకపోతే
ఈ వీధికి గొంతు తడవదు.

తాడు పేనే వీరవేణమ్మ
ఆధార్ కార్డు జిరాక్సుకొచ్చి
తెర మీద వణికే చుక్కల్ని చూసింది.
"పెద్ద లెక్కండి, ఒక్క మిషనుకి తెమలదు.
ముక్కలు చేసి దేశదేశాలకీ పంపుతారు."
"పీచు తూకమేసి ఇంటింటికీ పంచినట్టేగా,"
అంది, బొటనవేలి మీది కాయ గిల్లుకుంటూ.
"కిలోకెంత?"
"పాయింట్లిస్తారు."
"దేనికి పనికొస్తాయ్?"
"దేనికీ రావు."
గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.
"మరి, తాడెవరిదమ్మా?"
రెండు రూపాయలు సొరుగులో వేసి
ఊరుకున్నాను.

తెల్లవార్లూ ఫ్యాన్లు రొప్పి రొప్పి
కట్టే లెక్క ఎంతసేపటి కథో తెలుసా?
రెప్పపాటును ముప్పై కోట్ల ముక్కలు చేస్తే
అందులో ఒక్క ముక్క.
ఆ కాస్తలోనే నీళ్ళు
ఒకదాని వెనక ఒకటి తలొంచుకుని దూరిపోతాయి.
ఉప్పు మాత్రం
ఒంటి చుట్టూ నీటి దుప్పటి కప్పుకునే వస్తుంది.
దుప్పటి విప్పితే గానీ సందులో పట్టదు.
విప్పదు.
గుమ్మంలోనే నిలబడుతుంది, అలిగిన చుట్టంలా.

మా నాన్న లాకుల మీద లస్కరు.
దాళ్వాలో రాత్రి వంతు వచ్చినప్పుడు
లాంతరు పట్టుకుని కాలవగట్టున కూర్చునేవాడు.
శివారు చేలకు నీళ్ళందాలంటే
ఎగువనెవరో ఒకరు మేలుకోవాలి కదా అనేవాడు.
ఆ చేలల్లో మాకు సెంటు భూమి లేదు.

వైశాఖంలో గాలివాన.
తొంభై ఏడు శాతం దగ్గర కరెంటు పోయింది.
యూపీయస్సు కీచుకీచుమని అరిచి ఆగింది.
స్తంభాలు లేపడానికి నాలుగు రోజులు పట్టింది.
మళ్ళీ తెరిచేసరికి
ఆ ముక్క గడువు దాటింది,
ఎవరో పూర్తి చేసేశారట.
పేరు ఉంది, పలకడం రాలేదు.
వాళ్ళ ఊళ్ళో అప్పుడు పగలో రాత్రో.
కోపం రాలేదు. కొంచెం వచ్చింది,
తొంభై ఏడు శాతానికి సరిపడా.

తర్వాత తెలిసింది,
ప్రతి ముక్కనీ ఇద్దరికిస్తారట.
ఇద్దరి జవాబూ కలిస్తేనే నిజమని రాసుకుంటారు.
ప్రామిసరీ నోటుకి సాక్షి వేలిముద్రలా
నా కొట్టు వెలుతురు కూడా
ఎవరి కాగితం కిందో ఒక మసక ముద్ర.

ఈ నెల బిల్లు మూడొందల నలభై ఎక్కువొచ్చింది.
మూడో కంప్యూటరు ఆపేశాను.
రెండు తిరుగుతున్నాయి.

నిన్న వీరవేణమ్మ మళ్ళీ వచ్చింది,
కాగితం పనేం లేదు.
"ఆ ఉప్పు ఆగిందా?"
"ఇంకా లెక్కలోనే ఉందండి."
"ఊఁ," అంది.
ఇజ్రాయేలు దించిన టిన్ను వంచి
గ్లాసులో సగమే పోసుకుని
మిగతా సగానికి మూత బిగించింది.